ఆవు నాలుక మీద అమ్ములపొది

మదనపల్లె నుంచి పుంగనూరు వైపు వెళ్తుంటే రోడ్డు వార మేసే ఆవుల్ని ఎప్పుడైనా గమనించారా? పచ్చిగడ్డి దొరికితే సరే. లేదంటే కంచె మీది కంప, చెత్తకుప్పలో విస్తరాకు, అట్టముక్క... నోటికందిందల్లా నమిలేస్తాయి. ముళ్లు గుచ్చుకుంటాయి. నాలుక గీరుకుపోతుంది. అదే నాలుకతో పేడా మట్టీ అంటిన దూడను ఒళ్లంతా నాకుతాయి. లెక్కప్రకారం ఆ నాలుక పుండ్లు పడాలి, చీము పట్టాలి. చాలాసార్లు అలాంటిదేమీ జరగదు. గీత దానంతటదే మానిపోతుంది. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు 1995లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అమెరికాలో మైఖేల్ జాస్లాఫ్, ఆయన సహచరులు ఆవు నాలుకను పరీక్షిస్తే అందులో ఓ బుల్లి ప్రోటీన్ ముక్క దొరికింది. నాలుకకు దెబ్బ తగిలి వాచినచోట దాని తయారీ బాగా పెరిగింది. దాన్ని తీసి బ్యాక్టీరియా మీద వేస్తే బ్యాక్టీరియా చచ్చింది! అంతకు నాలుగేళ్ల ముందే, 1991లో, ఆవు శ్వాసనాళంలోనూ ఇలాంటిదే ఒకటి బయటపడింది. గాలీ మేతా లోపలికి వెళ్లే దారి పొడుగునా ఆవు కాపలా పెట్టుకుందన్నమాట.

ఈ కాపలాదారుల పేరు యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు. పేరు నోరు తిరగదు కానీ సంగతి తేలికే. ప్రోటీనంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. పూసలు వందల్లో ఉంటే ప్రోటీన్. పదో, ఇరవయ్యో, నలభయ్యో ఉంటే పెప్టైడ్. సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లు ఇప్పటిదాకా 3 వేలకు పైగా దొరికాయి. కప్ప చర్మంలో, తేనెటీగ విషంలో, మొక్కల గింజల్లో, మన చెమటలో, కన్నీళ్లలో... వెతికితే దొరకని జీవి లేదు.

పుంగనూరు అనగానే రెండున్నర, మూడడుగుల పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఆ జాతిని కాపాడే పని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఏళ్లుగా సాగుతోంది. అలాగని 'పుంగనూరు ఆవు నాలుకలో మహత్తు ఉంది' అంటూ రేపు ఎవరైనా వాట్సాప్‌లో పంపితే మాత్రం నమ్మకండి. ఈ ఆయుధం జెర్సీకీ ఉంది, ఒంగోలుకూ ఉంది.

తాళం కాదు, గోడే గురి

మరి అంత చిన్న ముక్క బ్యాక్టీరియాను ఎలా చంపుతుంది? అసలు కథంతా ఇక్కడే ఉంది.

మామూలు యాంటీబయాటిక్ పనితీరు తాళంచెవి లాంటిది. పెన్సిలిన్ సంగతి చూడండి. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ఒక ఎంజైముకు వెళ్లి అతుక్కుంటుంది. గోడ పని ఆగిపోతుంది, బ్యాక్టీరియా పగిలిపోతుంది. కానీ ఒక్క ఎంజైమే కదా... బ్యాక్టీరియా దాని ఆకారాన్ని కాస్త మార్చుకుంటే చాలు, తాళంచెవి పట్టదు. మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొచ్చే దారుల్లో ఇదొకటి.

పెప్టైడ్ల దారి వేరు. అవి గురిపెట్టేది బ్యాక్టీరియా పొరకు. ఈ పొర కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చినట్టు ఉంటుంది. మందం మిల్లీమీటరులో 2 లక్షల వంతు. అయినా లోపలి సరుకు బయటికి పోకుండా, బయటి ఉప్పూ నీళ్లూ ఇష్టమొచ్చినట్టు లోపలికి రాకుండా ఆపేది ఇదే. దీనికి చిల్లు పడితే కుండకు చిల్లు పడ్డట్టే.

ఇక్కడో కిటుకుంది. బ్యాక్టీరియా పొర బయటివైపు ఎక్కువగా రుణావేశం ఉన్న కొవ్వులతో నిండి ఉంటుంది. మన కణాల బయటివైపు కొవ్వులకు అలాంటి ఆవేశం దాదాపు ఉండదు. పైగా వాటి మధ్య కొలెస్ట్రాల్ దట్టించి ఉంటుంది. (కొలెస్ట్రాల్‌ను తిట్టేవాళ్లే కానీ ఈ మేలు తలచుకునేవాళ్లు లేరు.) పెప్టైడ్లలో లైసిన్, ఆర్జినిన్ అనే ధనావేశం ఉన్న పూసలు ఎక్కువ. ధనం, రుణం ఆకర్షించుకుంటాయని బళ్లో చదువుకున్నాం కదా. అందుకే పెప్టైడ్ మన కణాన్ని వదిలేసి బ్యాక్టీరియా మీదికే పోతుంది.

అంటుకున్నాక ఏం జరుగుతుందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. చాలా పెప్టైడ్లు నీళ్లలో ఉన్నప్పుడు వదులు దారంలా వేలాడుతుంటాయి. పొరను తాకగానే స్ప్రింగులా చుట్టుకుంటాయి. ఆ స్ప్రింగుకు ఒక పక్క నీళ్లంటే ఇష్టం, రెండో పక్క నూనెంటే ఇష్టం. నూనెను ఇష్టపడే పక్క పొరలోకి దిగబడుతుంది. కొన్ని పెప్టైడ్లు గుండ్రంగా నిలబడి, బొంగరాల పెట్టె పలకల్లా ఒకదానికొకటి ఆనుకుని మధ్యలో గొట్టం చేస్తాయి. కొన్ని పొరలోని కొవ్వుల్నే లోపలికి వంచి చిల్లు చేస్తాయి. ఇంకొన్ని పొరంతా చాప పరిచినట్టు కప్పేస్తాయి. మోతాదు మించగానే సబ్బు మురికిని విడగొట్టినట్టు పొరను ముక్కలు చేస్తాయి. ఏ పెప్టైడుది ఏ పద్ధతో తేల్చడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు.

'అసలు పొరకే గురి అని నమ్మకమేంటి? లోపల ఏదో తాళం ఉండొచ్చుగా' అని మీకు అనుమానం రావాలి. వాళ్లకూ వచ్చింది. దాన్ని తీర్చిన ప్రయోగం నాకు భలే నచ్చింది. అమైనో ఆమ్లాలకు ఎడమ, కుడి రూపాలున్నాయి. ఎడమ కాలి చెప్పు, కుడి కాలి చెప్పులాగా. జీవుల ప్రోటీన్లలో ఎడమ రూపాలే ఉంటాయి. 1990లో బ్రూస్ మెరిఫీల్డ్ (ప్రయోగశాలలో పెప్టైడ్లు తయారుచేసే సులువైన పద్ధతి కనిపెట్టి 1984లో నోబెల్ అందుకున్నాయన), హన్స్ బోమన్ తదితరులు అన్నీ కుడి రూపాలతోనే పెప్టైడ్లు తయారుచేశారు. అద్దంలో ప్రతిబింబాలన్నమాట. ఎక్కడైనా తాళం ఉంటే కుడి చెప్పు ఎడమ కాలికి పట్టనట్టు ఇవి పనిచేయకూడదు. కానీ చక్కగా బ్యాక్టీరియాను చంపేశాయి! అంటే వాటికి తాళంతో పనిలేదు, కొవ్వు పొర ఉంటే చాలు. తాళం మార్చడం తేలిక కానీ ఇంటిగోడ కట్టిన మట్టినే మార్చడం తేలిక కాదు. ఈ పెప్టైడ్ల మీద ప్రపంచం ఇంత ఆశ పెట్టుకోవడానికి కారణం అదే.

హైదరాబాదులో ఆబోతు కథ

ఈ పరిశోధనలో మన హైదరాబాదు వాటా చిన్నదేం కాదు. 1979లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్పమిత్ర భార్గవ. అవును, సీసీఎంబీ వ్యవస్థాపకుడు భార్గవే. ఆబోతు వీర్యద్రవంలో బ్యాక్టీరియాను అణిచే ప్రోటీన్ ఒకటి ఉందని, అది ఈ.కోలై బ్యాక్టీరియాలో రైబోజోముల ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తోందని ఆ వ్యాసం సారాంశం. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు పెట్టారు. కప్ప పెప్టైడు జగత్ప్రసిద్ధం అయ్యింది 1987లో. అంతకు ఎనిమిదేళ్ల ముందు మాట ఇది!

తర్వాత అదే సీసీఎంబీలో ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ ఈ 47 పూసల దండను పట్టుకున్నారు. అందులో నూనెను ఇష్టపడే 13 పూసల ముక్కను మాత్రం ప్రయోగశాలలో విడిగా తయారుచేశారు. 1990లో వచ్చిన వారి ఫలితం ఏమిటంటే... ఆ ముక్క బ్యాక్టీరియానూ చంపింది, ఎర్ర రక్తకణాల్నీ పగలగొట్టింది. మందు చేయాలనుకునేవాళ్లకు ఇది ఆశ, హెచ్చరిక రెండూ. నూనె గుణం మరీ ఎక్కువైతే పెప్టైడుకు స్వపర భేదం ఉండదు. అప్పటినుంచి ఆ బృందం చేసిన పనిలో చాలాభాగం ఈ తూకం గురించే. ఏ పూస మారిస్తే బ్యాక్టీరియా మాత్రమే చస్తుంది? ధనావేశం ఎంత ఉండాలి? 1999లో ఈ విషయం మీద వాళ్లు రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో అందరూ చూసేది.

ఆవు మళ్లీ వచ్చింది చూడండి. ఆవు తెల్ల రక్తకణాల్లో ఇండోలిసిడిన్ అనే పెప్టైడు ఉంది. పూసలు పదమూడే, అందులో అయిదు ట్రిప్టోఫాన్. అంత చిన్నదాంట్లో అన్ని ట్రిప్టోఫాన్‌లు ఉండటం అరుదు. సీసీఎంబీలోనే సి. సుబ్బలక్ష్మి, సీతారాం 1998లో దీని గుట్టు విప్పారు. ఇది పొరను గుల్ల చేస్తుంది కానీ బ్యాక్టీరియాను పగలగొట్టదు. లోపలికి దూరి డీఎన్ఏ తయారీని ఆపేస్తుంది. దాంతో విడిపోలేని బ్యాక్టీరియా పోగుల్లా పొడుగ్గా సాగిపోతుంది. పొర దగ్గర కథ అయిపోతుందని అనుకున్నవాళ్లకు ఇది మంచి పాఠం. కొన్నింటికి పొర గురి, కొన్నింటికి వాకిలి.

ఇవన్నీ కంటికి కనపడవు కదా, ఎలా తేలుస్తారు? ఒక పద్ధతి చెబుతాను. కొవ్వు అణువుల్ని నీళ్లలో కలిపితే అవే చుట్టుకుని బుడగలవుతాయి. లైపోసోములంటారు. బ్యాక్టీరియా పొరలో ఉండే కొవ్వులతో కొన్ని, మన కణాల కొవ్వులతో కొన్ని బుడగలు చేస్తారు. లోపల మెరిసే రంగు చిక్కగా నింపుతారు. చిక్కగా ఉన్నంతసేపూ ఆ రంగు మెరవదు. పెప్టైడు వేశాక బుడగ కారితే రంగు పలచబడి మిలమిల మెరుస్తుంది. మెరుపు ఎంతో కొలిస్తే చిల్లు ఎంతో తెలిసిపోతుంది. బ్యాక్టీరియా లేదు, ఎంజైము లేదు. వట్టి కొవ్వు, నీళ్లు, రంగు... అంతే!

చంద్రికల మీద సైన్యం

కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. ఈ రంగానికి అసలు పునాది వేసింది పట్టుచిలుకే.

పురుగులకు మనలాగా యాంటీబాడీలు ఉండవు. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని తయారుచేసే ఆయుధాలన్నమాట, అవి లేవు. మరి తేమ గదిలో, ఆకుల కుప్పలో, తన రెట్టల మధ్యే నెల దాకా ఎలా బతుకుతుంది? స్వీడన్‌లో హన్స్ బోమన్ (పైన చెప్పిన బోమనే) సెక్రోపియా అనే అమెరికా పట్టుచిలుక ప్యూపాలకు బ్యాక్టీరియా సూది వేసి చూశారు. మన టస్సర్ పట్టు చిలుకకు అది దగ్గరి చుట్టం. కొన్ని గంటల్లో ప్యూపా రక్తంలో బ్యాక్టీరియాను చంపే పదార్థాలు పుట్టాయి. 1981లో వాటి నిర్మాణం తేల్చి సెక్రోపిన్లు అని పేరుపెట్టారు. మన మల్బరీ పట్టుపురుగులోనూ సెక్రోపిన్లున్నాయి. 1995లో జపాన్‌వాళ్లు మొరిసిన్ అనే మరోదాన్ని పట్టుకున్నారు. బాంబిక్స్ మోరీ అని పట్టుపురుగు శాస్త్రీయ నామం కదా, దాన్నుంచే ఈ పేరు. పురుగులు ఈ ఆయుధాల్ని ఎలా మోగించి పిలుస్తాయో ఈగల్లో కనిపెట్టిన జూల్స్ హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

'ఇంత సైన్యం ఉంటే మా పంట ఎందుకు పోతోంది సామీ' అని కుప్పం రైతు అడిగితే సబబే. పాలరోగం వచ్చేది వైరస్ వల్ల. సున్నపుకట్టు బూజు వల్ల. ఈ పెప్టైడ్లలో ఎక్కువ భాగం గురి బ్యాక్టీరియా మీదే. పైగా ఆకు పాచిపోయి, గదిలో ఉక్కపోత ఉండి, బ్యాక్టీరియా లెక్కకు మించి చేరితే ఏ సైన్యమూ ఆగదు. కాబట్టి సున్నం, బ్లీచింగ్ పౌడరు పక్కన పెట్టే రోజు రాలేదు.

కప్ప కథ చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి రెండు ముక్కల్లో. జాస్లాఫ్ కప్పల పొట్ట కోసి గుడ్లు తీసుకుని, కుట్లు వేసి, మురికినీళ్ల తొట్టెలో వదిలేసేవారు. పుండు పట్టకుండా మానిపోయేవి. ఎందుకో వెతికితే మగాయినిన్లు దొరికాయి. హీబ్రూ భాషలో డాలు అనే మాట నుంచి ఆ పేరు.

ఆరోగ్యవరం ఎండ

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయరోగుల కోసం 1915లో అక్కడ శానిటోరియం వెలిసింది. దాని మొదటి పెద్ద డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. క్షయకు తొలి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అంతదాకా ప్రపంచంలో ఏ శానిటోరియంలోనైనా వైద్యమంటే మంచి గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి. మదనపల్లె చల్లదనం అందుకు అనువైంది.

ఆ వెలుతురుకు ఏమైనా పని ఉందా? 2006లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక సంగతి చూపించారు. క్షయ క్రిమిని మింగిన మన తెల్లకణానికి విటమిన్-డి అందితే, అది కాథెలిసిడిన్ అనే పెప్టైడు తయారుచేసి లోపలి క్రిమిని చంపుతోంది. 37 పూసల ఈ పెప్టైడే ఎల్ఎల్-37. విటమిన్-డి మన ఒంట్లో తయారయ్యేది ఎండ సాయంతోనే. ఇంకేం, శానిటోరియం ఎండ గుట్టు దొరికిందని చాలామంది ఎగిరి గంతేశారు.

అంత తొందర కూడదు. మంగోలియాలో దాదాపు 8,800 మంది బడిపిల్లల్లో సగం మందికి మూడేళ్లపాటు వారంవారం విటమిన్-డి ఇచ్చి చూశారు. క్షయ సోకడం తగ్గలేదు. ఆ ఫలితం 2020లో వచ్చింది. గిన్నెలో నిజమైంది ఊళ్లో నిజం కావాలని లేదు. క్షయ క్రిమి చుట్టూ మైనం లాంటి మందపాటి కవచం ఉంటుంది, అది అంత తేలిగ్గా లొంగే రకం కాదు. కాబట్టి ఎండలో కూర్చోండి, కానీ డాక్టరిచ్చిన మాత్రలు మానకండి.

కోళ్లకు పోసిన చివరి అస్త్రం

ఇన్ని ఉన్నా మందుల షాపులో పెప్టైడు మందులు ఎందుకు కనిపించవు? మింగితే కడుపు వాటిని మాంసం ముక్కలాగే అరిగించేస్తుంది. తయారీ ఖరీదు. రక్తకణాల సంగతి చెప్పాను కదా. మగాయినిన్‌ను మార్చి, చక్కెరవ్యాధి పుండ్లకు చేసిన పెక్సిగనాన్ అనే పైపూతను 1999లో అమెరికా అనుమతించలేదు, ఉన్న మందులకంటే మెరుగని తేలలేదంటూ. 2003లో అనుమతి వచ్చిన డాప్టోమైసిన్ నయం, అది మట్టి బ్యాక్టీరియా చేసే పెప్టైడు.

ఇంకోటి కొలిస్టిన్. ఇదీ మట్టి బ్యాక్టీరియాదే, 1940ల చివర్లో వెలుగులోకి వచ్చిన కుటుంబం. ఇదీ పొర మీదే దెబ్బకొడుతుంది. కిడ్నీలకు హాని అని పక్కన పెట్టేశారు. మిగతా మందులు పనిచేయడం మానేశాక ఐసీయూల్లో మళ్లీ బయటికి తీశారు. మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతా 12.7 లక్షల మంది చనిపోయారని 'లాన్సెట్' అంచనా. అలాంటి చోట డాక్టరు చేతిలో మిగిలే ఆఖరి అస్త్రాల్లో కొలిస్టిన్ ఒకటి.

దాన్ని మనం ఏంచేశాం? కోళ్లు తొందరగా బరువెక్కుతాయని దాణాలో కలిపాం! చైనాలో పందులకూ అంతే. 2015లో అక్కడే ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. అది చేసే పని వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పొర బయటి కొవ్వుకు ధనావేశం ఉన్న ముక్క ఒకటి అంటిస్తుంది. రుణావేశం తగ్గిపోతుంది, కొలిస్టిన్‌కు పట్టు దొరకదు. ఇంటి మట్టిని మార్చడం కష్టమని పైన రాశాను. మట్టిని మార్చలేదు, పైన సున్నం కొట్టింది. అంతకన్నా ఘోరం, ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేబదులు పోతుంది. మనదేశంలో తిండికోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని 2019 జులైలో నిషేధించారు. మంచి పనే. కొన్నేళ్ల ముందే చేయాల్సింది.

పాడి ఉన్న ఊళ్లలో దీని అవసరం మరీ ఎక్కువ. పొదుగువాపు వస్తే చనుకట్లలోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కిస్తాం. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. పోస్తే మందు మన కాఫీలోకి వస్తుంది. ఇక్కడా ఆవు మనకు ఒక దారి చూపుతోంది. పొదుగు వాచినప్పుడు దాని తెల్లకణాలు పాలలోకి కాథెలిసిడిన్లు వదులుతాయి. వాటిని కొలిచి, వాపు పైకి కనపడకముందే పట్టుకునే పరీక్షల మీద ఇటలీలో పనిచేశారు. వాపు ముందే తెలిస్తే ఏ ఆవుకు ట్యూబు కావాలో, ఏ ఆవుకు అక్కర్లేదో తేల్చుకోవచ్చు.

ఇలాంటి పెప్టైడు ఒకటి ఇప్పటికే మనలో చాలామంది కడుపులోకి వెళ్లింది, తెలుసా? పాలను పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా తన పోటీదారుల్ని చంపడానికి నైసిన్ అనే పెప్టైడు చేస్తుంది. అది పొరలోని ఒక కొవ్వు అణువును పట్టుకుని అక్కడే చిల్లు వేస్తుంది. 1950ల నుంచీ జున్నుముక్కలు, డబ్బా తిండి పాడవకుండా దాన్ని కలుపుతున్నారు. ఈసారి పిల్లలకు ప్రాసెస్డ్ చీజ్ కొన్నప్పుడు ప్యాకెట్ వెనక సన్నక్షరాలు చూడండి. 234 అనే అంకె కనిపిస్తే అదే.